పెట్టె మీద రాయని సంగతులు: బరంపురంలో తొలి స్మార్ట్‌ఫోన్ ఎంపిక

స్మార్ట్‌ఫోన్ లేకుండా ఇన్నేళ్లు నెట్టుకొచ్చిన మనిషి ఈనాడు బరంపురంలో దాన్ని కొనడానికి బయలుదేరాడంటే, దాని వెనుక సరదా కంటే అవసరమే పెద్దదిగా ఉండటం సహజం. విశ్రాంత ఉద్యోగి ఏటా పింఛను కోసం ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రాన్ని ఫోను కెమెరాకు ముఖం చూపించి ఇంటి నుంచే సమర్పించే వీలు 2021 నవంబరులో ఏర్పడింది. ఒడిశా ప్రభుత్వం 2024 సెప్టెంబరు 17న ప్రారంభించిన సుభద్ర పథకం కింద, 21 నుంచి 60 ఏళ్ల వయసున్న అర్హులైన మహిళలకు ఐదేళ్లలో 50 వేల రూపాయలు అందాలంటే, ఆధార్‌తో గుర్తింపును సరిచూసే ఇ-కేవైసీ పూర్తి కావాలి. దాన్ని కూడా ఫోనులో ముఖ గుర్తింపుతో ముగించుకోవచ్చు. సూరత్ మరమగ్గాల మీద పనిచేసే గంజాం జిల్లావాసులు ఇంటికి పంపే డబ్బు, వారు ఇంటివారితో మాట్లాడే వీడియో కాలు, పిల్లల బడి నుంచి వచ్చే వాట్సాప్ సందేశం, రైలు టిక్కెట్టు, గ్యాసు బుకింగు, ఇవన్నీ ఒక్కొక్కటిగా ఆ చిన్న తెరలోకి చేరిపోయాయి.

అటువంటి మనిషి పెద్ద బజారులోనో గిరి రోడ్డులోనో దుకాణం ముందు నిలబడగానే చెవిన పడేవి మెగాపిక్సెళ్లు, జీబీలు, వాట్లు. ఈ అంకెలు అబద్ధాలు కావు. కాని కొన్న ఫోను ఆ మనిషి బతుకులో నిజంగా పనికివస్తుందా, మూడో ఏటికే మూలపడుతుందా అన్నది తేల్చేవి ప్రధానంగా ఇవి కావు. ఇంట్లో ఏ కంపెనీ సిగ్నలు అందుతుంది, తుపాను వచ్చి కరెంటు పోతే ఫోను ఎన్ని గంటలు నిలుస్తుంది, వాడబోయే మనిషి ఏ భాష మాట్లాడి ఏ లిపి చదువుతాడు, తయారుచేసిన కంపెనీ ఆ ఫోను సాఫ్ట్‌వేరును ఎన్నేళ్లపాటు సరిదిద్దుతూ ఉంటుంది అన్న సంగతులే నిర్ణయాన్ని నడిపించాలి. దుకాణంలో అతి తక్కువగా చర్చకు వచ్చేవి కూడా ఇవే కావడం విచారకరం.

స్మార్ట్‌ఫోన్ అంటే, స్థూలంగా, మాట్లాడే పరికరంలో అమర్చిన చిన్న కంప్యూటరు. మీటల ఫోనులో తయారీదారు పెట్టిన పనులే ఉంటాయి. స్మార్ట్‌ఫోనులోనైతే ఆపరేటింగ్ సిస్టమ్ అనే మూల సాఫ్ట్‌వేరు ఉండి, దాని మీద యాప్‌లను, అంటే ఒక్కొక్క పనికోసం రాసిన చిన్న సాఫ్ట్‌వేర్లను, ఎవరికి కావలసినవి వారు చేర్చుకోగలుగుతారు. 1994లో ఐబీఎం అమ్మిన సైమన్‌ను ఈ కోవలో మొదటిదిగా చెబుతారు. ఆపిల్ వారి ఐఫోన్ 2007లోను, గూగుల్ వారి ఆండ్రాయిడ్ మీద నడిచే తొలి ఫోను 2008లోను వచ్చాయి. ఐఫోనా, ఆండ్రాయిడా అన్న ప్రశ్న తొలిసారి కొనేవారిని ఎక్కువసేపు ఆపనక్కరలేదు. ఐఫోన్ గట్టి పరికరమే, దీర్ఘకాలం సాఫ్ట్‌వేరు మద్దతు పొందేదే. అయితే ఒక కొత్త ఐఫోన్ ధరకు ఇంటిల్లిపాదికీ సరిపడే ఆండ్రాయిడ్ ఫోన్లు వస్తాయి. పైగా ఇంట్లోవారు, ఇరుగుపొరుగువారు ఆండ్రాయిడ్ వాడుతున్నప్పుడు, తెలియనిది అడిగితే చూపించే మనిషి దగ్గరలోనే దొరుకుతాడు. పక్కన నేర్పేవారుండటం అన్నది తొలి ఫోను విషయంలో ఏ సాంకేతిక గుణానికీ తీసిపోదు.

సిగ్నలు విషయానికి వస్తే, టెలికాం సేవల కోసం దేశాన్ని 22 సర్కిళ్లుగా విభజించారు. ఒడిశా ఒక సర్కిలు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిసి మరొకటి. 1936 ఏప్రిల్ 1న బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడివడి కొత్తగా ఏర్పడిన ఒడిశాలో చేరినప్పుడు ఏ గీత గీశారో, దాదాపు అదే గీత దగ్గర, పాతిక కిలోమీటర్ల దూరంలోని ఇచ్ఛాపురం చేరబోతుండగా, బరంపురం ఫోను ఒక సర్కిలు విడిచి మరొకదానిలోకి ప్రవేశిస్తుంది. నేటి రీచార్జ్ ప్లాన్లలో దేశం లోపలి రోమింగుకు సాధారణంగా వేరే రుసుము ఉండదు కనుక, సరిహద్దుకు అటూ ఇటూ చుట్టరికాలున్న కుటుంబాలకు రెండు రాష్ట్రాల సిమ్ములు అవసరం లేదు. అవసరమైన జాగ్రత్త వేరే ఉంది.

2016 సెప్టెంబరు 5న సేవలు మొదలుపెట్టిన జియో, 2జీ, 3జీ అనే పాత తరాల జోలికి పోకుండా 4జీతోనే ఆరంభమైంది. అందువల్ల ఆ సిమ్ముతో మాట్లాడాలంటే ఫోనులో వోల్టే అనే సదుపాయం, అంటే మాటను కూడా డేటా మాదిరిగానే 4జీ మీద పంపే పద్ధతి, తప్పనిసరి. ఇప్పటి కొత్త ఫోన్లన్నిటిలో ఇది ఉంటుంది గాని, ఇంట్లో చేతులు మారి వచ్చిన పాత ఫోనులో ఉందో లేదో చూసుకోవాలి. 5జీ 2022 అక్టోబరు 1న దేశంలో మొదలైంది. ఆ సేవ రెండు రకాలుగా నడుస్తోంది: పాత 4జీ వ్యవస్థను ఆనుకుని నడిచేది ఒకటి, స్టాండలోన్ అనబడే స్వతంత్రమైన 5జీ మరొకటి. జియో రెండో దారిని ఎంచుకోగా, ఎయిర్‌టెల్ మొదటి దారిలో ఆరంభించింది. కనుక 5జీ ఫోను కొనేవారు అది స్టాండలోన్ పద్ధతిని కూడా అందుకుంటుందా అని అడగడం మంచిది.

పెట్టె వెనుక సన్న అక్షరాల్లో బ్యాండ్లు అనే వరుస ఒకటి ఉంటుంది. బ్యాండ్ అంటే టవరు, ఫోను ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తరంగాల శ్రేణి. 700 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యపు తరంగాలు దూరం పోతాయి, గోడలు దాటి ఇంటిలోపలి గదులకు చేరతాయి; 3,500 మెగాహెర్ట్జ్ వంటి ఎక్కువ పౌనఃపున్యపు తరంగాలు వేగంగా డేటా మోస్తాయి గాని కొద్ది దూరానికే బలహీనపడతాయి. మందపాటి గోడల పాత ఇళ్లు బారుగా, లోతుగా ఉండే నేతవీధుల్లో వసారాలో నాలుగు గీతలు చూపే ఫోను వంటింట్లో మూగబోవడానికి కారణం చాలాసార్లు ఇదే. 2022 ఆగస్టు 1న ముగిసిన వేలంలో 700 మెగాహెర్ట్జ్ తరంగాలను జియో అన్ని సర్కిళ్లలోను పొందింది. వీటిని 5జీలో ఎన్28 అని, 3,500 మెగాహెర్ట్జ్ శ్రేణిని ఎన్78 అని పిలుస్తారు. ఈ రెండూ ఆ వరుసలో ఉన్నాయా అని చూడటం నిమిషం పని. ప్రభుత్వ రంగ సంస్థ బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ వ్యవస్థను ప్రధానమంత్రి 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగుడ నుంచే ప్రారంభించారు; మారుమూల ప్రాంతాలకు సిగ్నలు చేర్చడం దాని ఉద్దేశాలలో ఒకటి.

అన్నిటికీ మించిన పరీక్షకు సాంకేతిక జ్ఞానం అక్కరలేదు. వేర్వేరు కంపెనీల సిమ్ములు వాడుతున్న ఇద్దరు ముగ్గురు బంధువులను ఇంటికి పిలిచి, వారి ఫోన్లతో వెనుక గదిలోనుంచి, మేడమీదనుంచి, మంచం పక్కనుంచి మాట్లాడి చూస్తే ఏ కంపెనీ ఆ ఇంటికి తగినదో తేలిపోతుంది. పని మీద భంజనగర్, సొరడ, తప్తపాణి ఘాటు వైపు తిరిగేవారికి ఒకే కంపెనీ అంతటా అందకపోవచ్చు గనుక, రెండు సిమ్ములు పట్టే ఫోను తీసుకుని, రెండో సిమ్మును వేరే కంపెనీది పెట్టుకోవడం వివేకం. కొన్ని ఫోన్లలో రెండో సిమ్ము అర, మెమొరీ కార్డు అర ఒకటే అయివుంటాయి. అందులో ఏదో ఒకటే పెట్టగలమన్న సంగతి కొన్న తరువాత తెలిస్తే ప్రయోజనం లేదు.

గంజాం తీరంలో ఫోను కొనేవారు బ్యాటరీ గురించి ఆలోచించే తీరు హైదరాబాదులోనో బెంగళూరులోనో కొనేవారి ఆలోచనకు భిన్నంగా ఉండాలి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర, గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలులతో తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటుతూ గంజాం, గజపతి జిల్లాలను వానలతో ముంచెత్తింది. ఫైలిన్ తరువాత బరంపురంలో కరెంటు రోజుల తరబడి లేదు. అటువంటి వేళ బయట ఉన్న బిడ్డల క్షేమం తెలుసుకోవడానికి, సహాయం అడగడానికి ఉండే ఒక్క దారి చేతిలోని ఫోనే. బ్యాటరీ సామర్థ్యాన్ని ఎంఏహెచ్, అంటే మిల్లీ ఆంపియర్ అవర్, అనే కొలతలో చెబుతారు. ఈ తీరంలో నివసించేవారు 5,000 ఎంఏహెచ్‌కు తక్కువైనదాన్ని ఎంచుకోకపోవడమే మేలు. వాట్లలో చెప్పే చార్జింగు వేగం దాని తరువాతి మాట: కరెంటు ఉన్నప్పుడు అరగంటలో నిండే ఫోను సౌకర్యమే, కరెంటు లేనప్పుడు ఎక్కువసేపు నిలిచే ఫోను అవసరం. కొన్ని కంపెనీలు ఈ మధ్య పెట్టెలో చార్జరు పెట్టడం మానుకున్నాయి గనుక ఆ ఖర్చును ధరలో కలిపి లెక్కించాలి, దానితోపాటు ఒక పవర్ బ్యాంకు, అంటే కరెంటును నిలవచేసి ఫోనుకు అందించే పెట్టె, కూడా కొనుక్కుంటే తుపాను నెలలు నిశ్చింతగా గడుస్తాయి.

స్మార్ట్‌ఫోను ప్రాణం నిలిపే సాధనం కూడా కాగలదన్న సంగతి ఇక్కడ గట్టిగా చెప్పుకోదగ్గది. పిడుగు పడబోయే ప్రాంతాన్ని ముందుగా హెచ్చరించే దామిని యాప్‌ను పుణేలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించింది. పిడుగుపాటు మరణాలు ఎక్కువగా నమోదయ్యే రాష్ట్రాలలో ఒడిశా ఒకటి కనుక పొలం పనికి పోయేవారి ఫోనులో ఇది ఉండటం ఎంతో అవసరం. ఒడిశా ప్రభుత్వ విపత్తు నిర్వహణ సంస్థ సతర్క్ అనే యాప్‌ను అందిస్తోంది. ఇవి కాక, ఒక ప్రాంతంలోని టవర్ల పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి పెద్ద మోతతో హెచ్చరిక పంపే సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతిని 2023లో దేశవ్యాప్తంగా పరీక్షించారు. కొత్త ఫోను సెట్టింగులలో అత్యవసర హెచ్చరికలు అన్న చోట మీట ఆన్‌లో ఉందో లేదో మొదటి రోజే చూసుకోవాలి.

గోపాల్‌పూర్ మొదలుకొని తీరం వెంబడి ఉన్న పల్లెల్లో, తెలుగు మాట్లాడే నోలియా మత్స్యకారులకు ఈ పరికరం మరొక రకంగా ఉపకరిస్తుంది. హైదరాబాదులో 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఇంకాయిస్, చేపలు దొరికే అవకాశమున్న ప్రదేశాలను, సముద్రం ఉద్ధృతిని స్థానిక భాషల్లో తెలియజేస్తుంది. తీరం దాటాక కొద్ది దూరంలోనే సిగ్నలు పోతుంది. అయినా ఫోనులోని జీపీఎస్ ఉపగ్రహాల నుంచి నేరుగా సంకేతాలు అందుకుని స్థానాన్ని లెక్కగడుతుంది గనుక దానికి ఇంటర్నెట్టు అక్కరలేదు, పటాన్ని మాత్రం గట్టు మీద ఉండగానే ఫోనులోకి దింపుకోవాలి. వీరు చూడవలసిన గుర్తు ఐపీ అనే రెండంకెల సంఖ్య: మొదటి అంకె దుమ్మును, రెండో అంకె నీటిని ఫోను ఎంత తట్టుకోగలదో చెబుతుంది. ఐపీ54 అంటే తుంపర్లను తట్టుకునేది, ఐపీ67 అంటే మీటరు లోతు నీటిలో అరగంట నిలిచేది. ఈ పరీక్షలన్నీ మంచినీటితో చేసేవి, ఉప్పునీటికి ఆ హామీ వర్తించదు, నీరు చేరిన ఫోనుకు వారంటీ కూడా సాధారణంగా దొరకదు. పడవ ఎక్కేవారు ఎంత ఖరీదైన ఫోను కొన్నా, గాలి చొరని ప్లాస్టిక్ సంచి ఒకటి వెంట ఉంచుకోవడం తప్పదు.

భాష దగ్గర ఎంపిక కొంచెం నిదానంగా సాగాలి, ఎందుకంటే బరంపురం పరిస్థితి ప్రత్యేకమైనది. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, కాగితం మీద ఇంగ్లీషు అన్నది ఇక్కడి అనేక కుటుంబాల దైనందిన జీవితం. తాతకు తెలుగు చదవడం వస్తుంది, తండ్రికి రెండూ కొంత కొంత వస్తాయి, ఒడియా బడిలో చదివిన మనవరాలికి తెలుగు మాట్లాడటం వచ్చుగాని అక్షరాలు రావు. భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 16333 అనే ప్రమాణంలో, దేశంలో అమ్మే మొబైల్ ఫోను రాజ్యాంగం గుర్తించిన 22 భాషలనూ తెర మీద చూపగలగాలని, ఇంగ్లీషు, హిందీలతోపాటు కనీసం మరొక భాషలో రాసే వీలు ఇవ్వాలని నిర్దేశించింది. అందుచేత తెలుగు అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు కనిపించిన రోజులు పోయాయి. కాని చూపడం వేరు, వాడటానికి సుఖంగా ఉండటం వేరు.

దుకాణంలోనే సెట్టింగులు తెరిపించి భాషను తెలుగుకు మార్పించి, అన్ని పుటలూ తెలుగులోకి వచ్చాయా, సగం ఇంగ్లీషులోనే మిగిలాయా, అక్షరాల పరిమాణాన్ని పెంచినప్పుడు ఒత్తులు తెగిపోతున్నాయా అని చూడాలి. తరువాత అదే పరీక్ష ఒడియాతో చేయాలి. ఫోను భాషను ఒకటిగా ఉంచి, కీబోర్డులో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింటినీ పక్కపక్కన పెట్టుకోవచ్చు, మీట నొక్కి ఒకదాని నుంచి మరొకదానికి మారవచ్చు. గూగుల్ కీబోర్డులో తెలుగు అక్షరాలను వేలితో తెర మీద రాసినా గుర్తుపడుతుంది. పలక మీద రాసి నేర్చుకున్న తరానికి మీటలు వెతుక్కోవడం కంటే ఇది ఎంతో దగ్గరి మార్గం. అక్షరాలు రాని మనవరాలు తెలుగులో పలికితే ఫోను తెలుగులో రాసిపెడుతుంది. ఆ సందేశం ఇచ్ఛాపురంలోనో శ్రీకాకుళంలోనో ఉన్న అమ్మమ్మకు ఆమె చదవగలిగిన లిపిలో చేరుతుంది. బరంపురం తెలుగు యాస, మధ్యలో వచ్చే ఒడియా మాటలు ఈ యంత్రానికి ఒక్కోసారి అంతుపట్టవు కనుక పంపేముందు ఒకసారి సరిచూసుకోవాలి. బడిలో తెలుగు దూరమైన పిల్లలను ఇంటి భాషతో ఇంత సులభంగా ముడివేసే పని మరొక పరికరం చేయలేదు. అందుకే భాష పరీక్షను చివరకు వదిలివేయకుండా మొదటే చేయవలసి ఉంటుంది. చూపు మందగించినవారికి తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సదుపాయం కూడా ఆండ్రాయిడ్‌లోనే ఉంది.

సాఫ్ట్‌వేరును సరిదిద్దే నవీకరణల అవసరాన్ని తెలుగు పాఠకులకు తెలియజెప్పే ఉదాహరణ తెలుగు అక్షరంలోనే దొరుకుతుంది. 2018 ఫిబ్రవరిలో, 'జ్ఞా' అనే అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో సందేశంగా వస్తే ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలిపోవడం ప్రపంచవ్యాప్తంగా వార్త అయింది. అక్షరాన్ని తెర మీద పేర్చే సాఫ్ట్‌వేరులోని లోపం దానికి కారణం. కొద్ది రోజుల్లోనే ఆపిల్ సంస్థ 11.2.6 అనే నవీకరణ పంపి దాన్ని సరిదిద్దింది. ఫోను అమ్ముడైన తరువాత కూడా లోపాలు బయటపడుతూనే ఉంటాయని, వాటిని సరిచేసి పంపేవారు ఉన్నంతకాలమే ఆ ఫోను భద్రమని దీనివల్ల తెలుస్తుంది. నవీకరణలు రెండు రకాలు: ఆండ్రాయిడ్‌ను కొత్త సంచికకు మార్చేవి కొన్ని, దొంగలు చొరబడే కన్నాలను పూడ్చే భద్రతా నవీకరణలు మరికొన్ని. బ్యాంకు, యూపీఐ యాప్‌లు ఉండే ఫోనుకు రెండో రకమే ముఖ్యం.

ఈ విషయంలో కంపెనీల మధ్య తేడా చాలా పెద్దది. 2023లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 8కు, 2024లో వచ్చిన శాంసంగ్ ఎస్24కు ఏడేళ్ల మద్దతు ప్రకటించారు, అవి ఖరీదైనవి. అంతకంటే ఎంతో తక్కువ ధరలో 2024లోనే వచ్చిన శాంసంగ్ ఏ16కు ఆరేళ్ల మద్దతు ప్రకటించడం తొలిసారి కొనేవారికి మేలు చేసిన పరిణామం. మరోవైపు చవక ఫోన్లు అనేకం రెండేళ్లతో సరిపెడతాయి. యూరోపియన్ యూనియన్ 2025 జూన్ 20 నుంచి అమలుచేస్తున్న నిబంధనల ప్రకారం, ఒక రకం ఫోను అమ్మకం ఆగిపోయిన తరువాత కూడా కనీసం ఐదేళ్లు నవీకరణలు అందాలి. బరంపురంలో కొనేవారు మాత్రం కంపెనీ సొంత ప్రకటననే ఆధారం చేసుకోవాలి, ఆ గడువు ఫోను విపణిలోకి వచ్చిన రోజు నుంచి లెక్కకు వస్తుందే గాని కొన్న రోజు నుంచి కాదని గుర్తుంచుకోవాలి. రెండేళ్ల కిందటి రకాన్ని తగ్గింపు ధరకు కొంటే, తగ్గిన డబ్బుతోపాటు రెండేళ్ల ఆయుష్షు కూడా తగ్గిపోయినట్లే. పన్నెండు వేల ఫోను ఆరేళ్లు భద్రంగా పనిచేస్తే ఏడాదికి రెండు వేలు పడుతుంది. ఎనిమిది వేల ఫోను రెండేళ్లకే పనికిరాకపోతే ఏడాదికి నాలుగు వేలు పడుతుంది. పేద ఇంటికి చవక ఫోనే తగినదన్న సలహాను ఈ లెక్క ముందు నిలబెట్టి చూడాలి.

జీబీల మాట ఇప్పుడు చెప్పుకోవచ్చు. పెట్టె మీద 6 జీబీ, 128 జీబీ అని రెండంకెలు ఉంటాయి. మొదటిది ర్యామ్, అంటే ప్రస్తుతం జరుగుతున్న పనిని పట్టి ఉంచే జ్ఞాపకశక్తి. రెండోది స్టోరేజి, అంటే ఫొటోలు, యాప్‌లు నిలవ ఉండే చోటు. నేతగాడి ఇంటి లెక్కలో చెప్పాలంటే మొదటిది మగ్గం, రెండోది నేసిన చీరలు దాచే బీరువా; బీరువా ఎంత పెద్దదైనా మగ్గం ఇరుకైతే పని సాగదు. వాట్సాప్, యూపీఐ, వీడియోలు, ప్రభుత్వ యాప్‌లు చాలనుకునేవారికి 6 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజి సరిపోతాయి. ప్రకటనల్లో కనిపించే 'అదనపు వర్చువల్ ర్యామ్' స్టోరేజిలో కొంత భాగాన్ని అరువు తెచ్చి వాడేది మాత్రమే, దాని వేగం తక్కువ, దానికోసం డబ్బు ఎక్కువ పెట్టనక్కరలేదు. ప్రాసెసర్, అంటే ఫోనులో లెక్కలు చేసే చిప్పు, ఆటలు ఆడని కొనుగోలుదారుకు రెండో వరుస విషయం.

కెమెరా, తెర సంగతి అందరికీ ఒకటి కాదు. భౌగోళిక గుర్తింపు పొందిన బరంపురం పట్టు నేసేవారు, అమ్మేవారు వాట్సాప్‌లో చీర ఫొటో పంపి బేరం కుదుర్చుకునే కాలం ఇది, వారికి మెగాపిక్సెళ్ల కంటే రంగు నిజాయితీ ముఖ్యం. మెగాపిక్సెల్ అంటే చిత్రంలోని పది లక్షల చుక్కలు. 50 కంటే 108 గొప్పదన్న నియమం లేదు, ఎందుకంటే కాంతిని అందుకునే సెన్సరు పరిమాణం, దాని వెనుక పనిచేసే సాఫ్ట్‌వేరు కలిసే చిత్రాన్ని నిర్ణయిస్తాయి. చాలా ఫోన్లు చూపరులకు నచ్చాలని రంగులను తమంతట తామే గాఢం చేస్తాయి. అమోలెడ్ తెరలు, అంటే ప్రతి చుక్కా తనంతట తాను వెలిగే తెరలు, నలుపును చక్కగా చూపుతాయి గాని, సెట్టింగులలో సహజ రంగుల పద్ధతి ఎంచుకోకపోతే మెరూన్ అంచును ఎర్రగా చూపే ప్రమాదం ఉంది; చీర అందుకున్న కొనుగోలుదారు రంగు వేరని తిప్పి పంపితే నష్టపోయేది నేతగాడే. కనుక వీరు ఒక పట్టు ముక్కను వెంట తీసుకుపోయి, దుకాణం బయట పగటి వెలుగులో ఫొటో తీసి, ముక్కను తెర పక్కన పెట్టి పోల్చి చూసిన తరువాతే కొనాలి. ఎండలో తెర చదవగలమా లేదా అన్నది కూడా అదే సమయంలో తెలిసిపోతుంది.

ధర విషయంలో, 2020 ఏప్రిల్ 1 నుంచి మొబైల్ ఫోన్ల మీద జీఎస్టీ 18 శాతం. బిల్లు లేకుండా ఇస్తే తగ్గిస్తామన్న మాటకు ఒప్పుకుంటే వారంటీ పొందడం, ఫిర్యాదు చేయడం రెండూ కష్టమవుతాయి. దసరా, దీపావళి రోజుల్లో ఆన్‌లైన్‌లో ధరలు తగ్గడం నిజమే. అయినా తొలి ఫోనును చేతిలో పట్టుకుని చూసి కొనడం, భాష మార్చి, యాప్‌లు వేసి, పాత ఫోనులోని నంబర్లు ఎక్కించి ఇచ్చే దుకాణంలో కొనడం వృద్ధులకు, చదువు తక్కువవారికి మేలు. ఆ కంపెనీ సర్వీసు సెంటరు బరంపురంలోనే ఉందా, తెర పగిలితే సుమారు 170 కిలోమీటర్ల దూరంలోని భువనేశ్వర్ పోవాలా అన్నది డబ్బు చెల్లించకముందే తేల్చుకోవాలి. సున్నా వడ్డీ వాయిదాల విషయంలో, అటువంటి పథకాలలో వడ్డీని మరో రుసుము రూపంలో దాచిపెట్టడాన్ని భారతీయ రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే తప్పుపట్టింది. నగదు ధర ఎంత, వాయిదాలన్నీ కలిపితే ఎంత, ప్రాసెసింగ్ రుసుము ఎంత అని మూడు అంకెలు కాగితం మీద రాయించుకుంటే నిజం బయటపడుతుంది.

ఇంట్లో పిల్లలు వాడి వదిలిన ఫోనో, దుకాణంలో అమ్మే పాత ఫోనో తొలి ఫోనుగా రావడం మామూలే. దాన్ని తప్పుపట్టనక్కరలేదు, కాని భద్రతా నవీకరణ చివరిసారిగా ఎప్పుడు వచ్చిందో సెట్టింగులలో చూడాలి; ఏడాదికి పైబడితే అందులో డబ్బు వ్యవహారాలు పెట్టకూడదు. బయట కొనేటప్పుడు *#06# నొక్కితే ఐఎంఈఐ అనే 15 అంకెల సంఖ్య, అంటే ప్రతి ఫోనుకూ వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య, తెర మీద కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఆ సంఖ్యను 14422కు సందేశంగా పంపితే ఆ ఫోను వివరాలు, అది నిషేధిత జాబితాలో ఉన్నదీ లేనిదీ తెలుస్తాయి. కేంద్ర ప్రభుత్వం 2023 మేలో ప్రారంభించిన సంచార్ సాథీ వ్యవస్థలో, పోయిన ఫోనును దేశమంతటా పనిచేయకుండా ఆపించే వీలు కూడా ఉంది. కనుక కొత్త ఫోను కొన్నవారు సైతం ఆ సంఖ్యను బిల్లుతోపాటు ఇంట్లో రాసిపెట్టుకోవాలి.

ఫోను ఇంటికి వచ్చాక మొదటి వారం డబ్బు యాప్‌ల జోలికి పోకుండా కాలు చేయడం, ఫొటో పంపడం, అక్షరాలు పెంచుకోవడం నేర్చుకుని, తెరకు తాళం సంఖ్య పెట్టుకున్న తరువాతే యూపీఐ మొదలుపెట్టడం క్షేమకరం. డబ్బు అందుకోవడానికి పిన్ నంబరు కొట్టనవసరం లేదన్న ఒక్క నియమాన్ని ఇంట్లోవారు పెద్దలకు పదేపదే చెప్పాలి, ఎందుకంటే పిన్ కొడితే డబ్బు పోవచ్చేగాని రాదు. మోసం జరిగిందని అనుమానం కలిగిన వెంటనే 1930కి ఫోను చేస్తే, డబ్బు చేతులు మారకముందే నిలిపివేసే అవకాశం ఉంటుంది. ఫోనులోనే లోపముండి దుకాణం, కంపెనీ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరులో ఫిర్యాదు స్వీకరిస్తుంది. ఆ సేవ 17 భాషల్లో అందుతుంది కనుక బరంపురంవాసులు తెలుగులోనైనా, ఒడియాలోనైనా మాట్లాడవచ్చు.